కట్ట అడుగున ఊట, సిమెంటు బస్తాల లెక్క

2019 డిసెంబర్ 31 ఉదయం వనపర్తి జిల్లా మదనాపురం మండలంలోని సరళాసాగర్ మట్టికట్టకు గండి పడి, నిల్వ ఉన్న నీరు దిగువకు పోయింది. అది వానాకాలం కాదు, పైనుంచి వరద ముంచెత్తిన రోజూ కాదు. 1949లో పని మొదలై 1959లో పూర్తయిన ఆ ప్రాజెక్టుకు, నీటిమట్టం ఒక హద్దు దాటగానే గేట్లతో, మనుషులతో పని లేకుండా దానంతట అదే నీటిని వదిలిపెట్టే సైఫన్ అలుగు ఉంది. వరద నుంచి కట్టను కాపాడడానికి అంత నేర్పుతో చేసిన ఏర్పాటు, వరదే లేని చలికాలపు పొద్దున జరిగినదానికి అడ్డుపడలేకపోయింది. మట్టికట్టకు ముప్పు పైనుంచి పొర్లే నీటితోనే కాదు, లోపలి నుంచీ అడుగు నుంచీ దారి చేసుకునే నీటితోనూ ఉంటుంది. మొదటిది అందరికీ కనిపిస్తూ వస్తుంది. రెండోది ఏళ్ల తరబడి తడిగా, జాలుగా, దిగువ పొలంలో ఆరని మడిగా ఉండి, ఒకనాడు బుంగగా మారుతుంది.

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మట్టి ఆనకట్టలు ఇప్పుడు వృద్ధాప్యంలో ఉన్నాయి. నిజాం పాలన చివరి దశలో, 1940ల తొలినాళ్లలో కట్టిన డిండికి ఎనభై ఏళ్లు దాటాయి. దేవరకద్ర దగ్గరి కోయిల్‌సాగర్ 1950ల నాటిది. మూసీ ప్రాజెక్టు 1963లో పూర్తయింది. నాగార్జునసాగర్ రాతి ఆనకట్టకు కూడా రెండు పక్కలా పొడవైన మట్టికట్టలే ఉన్నాయి. ఇవి కాక చోడులు, కాకతీయుల కాలం నుంచి వస్తున్న చెరువు కట్టలు ఊరూరా ఉన్నాయి. వీటిలో ఎక్కడ తడి కనిపించినా నేడు ముందుగా వినిపించే మందు గ్రౌటింగ్. కట్ట మీద బోర్లు వేసి, సిమెంటు పాలు ఒత్తిడితో లోపలికి ఎక్కించడం అన్నమాట. అది మంచి మందే. అయితే ఏ రోగానికి, ఏ చోట, ఎంత మోతాదులో అన్నది తేల్చకుండా వేస్తే డబ్బు వృథా కావడమే కాదు, కొన్ని సందర్భాల్లో కట్టకే హాని జరుగుతుంది.

ఊట లేని మట్టికట్ట ఉండదన్న మాటతో మొదలుపెట్టాలి. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గరి 1369 నాటి శాసనం చెరువుకు ఉండకూడని ఆరు దోషాలను చెబుతూ కట్ట నుంచి నీరు కారడాన్ని వాటిలో చేర్చింది. ఆ దోషం నీటి పరిమాణానికి సంబంధించినది మాత్రమే అయితే ఏ కట్టా గట్టెక్కదు. ఒక చిన్న లెక్క చూద్దాం. కట్ట అడుగున మూడు మీటర్ల మందాన మొరం పొర ఉందనీ, ఎదుట పది మీటర్ల లోతు నీరు నిలిచిందనీ, కట్ట అడుగు వెడల్పు యాభై మీటర్లనీ, ఆ మొరంలో నీరు పారే గుణకం సెకనుకు మీటరులో లక్షో వంతు అనీ అనుకుంటే, వంద మీటర్ల కట్ట పొడవు కింద నుంచి సెకనుకు 0.6 లీటరు, అంటే రోజుకు దాదాపు 52 వేల లీటర్లు పోతాయి. వినడానికి పెద్ద అంకెలా ఉన్నా జలాశయానికి అది లెక్కలోకి రాని నష్టం. ఆ నీరు స్వచ్ఛంగా, ఏళ్ల తరబడి ఒకే మోతాదులో వస్తున్నంతకాలం దాన్ని చూసి భయపడవలసిన పని లేదు. భయపడవలసింది నీరు తనతో పాటు మట్టిని తీసుకుపోతున్నప్పుడు.

అది మొదలయ్యేది దిగువ వైపున. కట్ట మొదలు దగ్గర నేలలోంచి నీరు పైకి ఉబికేటప్పుడు, ప్రతి మీటరు దారికి సుమారు ఒక మీటరు నీటిమట్టం తేడా ఖర్చవుతుంటే, పైకి నెట్టే ఒత్తిడికీ ఇసుక రేణువుల బరువుకీ సరిపోయి రేణువులు తేలిపోతాయి. మొదటి రేణువులు కొట్టుకుపోగానే దారి కాస్త పొట్టిదవుతుంది. దారి పొట్టిదైన కొద్దీ మిగిలిన మట్టి మీద ఒత్తిడి పెరుగుతుంది. ఇలా దిగువ నుంచి ఎగువకు వెనక్కి తవ్వుకుంటూ పోయే సన్నని సొరంగమే బుంగ. అది జలాశయాన్ని తాకిన తర్వాత గండి పడడానికి గంటలు చాలు. అందుకే ఊటలో అడగవలసిన మొదటి ప్రశ్న నీరు ఎంత వస్తున్నదని కాదు, అందులో ఏం వస్తున్నదని.

ఈ ప్రాంతపు నేల స్వభావం ఇక్కడ ముఖ్యం. దక్షిణ తెలంగాణలో ఎక్కువ భాగం గ్రానైటు, నైసు రాళ్ల మీద ఉంది. గ్రానైటు గట్టి రాయే గాని దాని పైభాగం యుగాలుగా కుళ్లి మొరంగా మారింది. ఆ మొరం కింద సగం కుళ్లిన రాయి, దాని కింద నేలకు దాదాపు సమాంతరంగా పొరలు పొరలుగా విడిపోయిన పగుళ్లు, ఆ తర్వాత గట్టి రాయి ఉంటాయి. పాత కట్టలకు నడుమ వేసే బంకమట్టి కందకం, ఇంజినీర్లు కటాఫ్ ట్రెంచ్ అనేది, చాలాచోట్ల మొరంలోనే ఆగిపోయి ఉంటుంది. పలుగుకు లొంగనిదల్లా గట్టి పునాది అనుకున్న రోజులవి. ఆపైన కట్ట అడ్డంగా దాటిన పాత వాగు గర్భంలోని ఇసుక ఒక బలహీన స్థలం. తూము రాతికట్టడానికీ దాని చుట్టూ వేసిన మట్టికీ నడుమ మిగిలే సందు మరొకటి. ఒకటి గట్టిగా నిలిచేది, ఒకటి కుంగేది కావడంతో రెండింటి మధ్య కాలక్రమాన ఖాళీ ఏర్పడుతుంది. చెరువులకు గండ్లు తూముల దగ్గర పడడం ఊళ్లలో అందరూ చూసినదే. సూర్యాపేట జిల్లా దక్షిణపు అంచున, హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు, గ్రానైటు పోయి సున్నపురాయి వస్తుంది. అక్కడి కథ వేరు, ఆ రాయి నీటికి మెల్లగా కరుగుతుంది. సిమెంటు కర్మాగారాలను పోషించే ఆ రాతి పట్టీయే కట్టల అడుగున ఉన్నచోట అదే సిమెంటును ఎక్కువగా అడగవచ్చు.

వయసు కాక మరో మార్పు కూడా వచ్చింది, దాని మీద తగినంత చర్చ జరగలేదు. పాత రోజుల్లో ఈ జలాశయాలు మంచి వానలు కురిసిన ఏడాది కొన్ని నెలలు నిండి, వేసవికి అడుగంటేవి. కరువు ఏళ్లలో అసలు నిండేవే కావు. ఇప్పుడు కృష్ణా నీటిని ఎత్తిపోసే పథకాలు వాటికి తోడయ్యాయి. జూరాల నీరు కోయిల్‌సాగర్‌కు ఎక్కుతున్నది, కల్వకుర్తి పథకం శ్రీశైలం వెనుక జలాల నుంచి ఎన్నో చెరువులను నింపుతున్నది, నల్లగొండ పక్కనే పానగల్లు ఉదయసముద్రం ఎత్తిపోతల నీటికి నడిమి జలాశయంగా మారింది. ఆయకట్టు రైతుకు ఇది వరం. కట్టకు మాత్రం ఇది కొత్త పరీక్ష. సెకనుకు మీటరులో కోటో వంతు గుణకం ఉన్న మట్టిలో, రెండు మీటర్ల దారికి ఒక మీటరు మట్టం తేడా ఉన్నచోట తడి రోజుకు ఒకటిన్నర సెంటీమీటరు కూడా ముందుకు పోదు, ఏడాదికి అయిదు మీటర్లు పోతుంది. మూడు నెలలు నిండి ఖాళీ అయ్యే చెరువులో ఆ తడి కట్ట గర్భాన్ని దాటకుండానే వెనుదిరిగేది. ఏడాది పొడవునా నీరు నిలిచే చోట అది కొన్నేళ్లకు దిగువ ముఖం మీద తేలుతుంది. ఎనభై ఏళ్లుగా ఏమీ కాని కట్టకు ఇప్పుడేమవుతుందన్న ధీమా ఇందుకే చెల్లదు. ఆ ఎనభై ఏళ్లలో అది ఇంతకాలం ఆగని నిండుతనాన్ని చూసి ఉండకపోవచ్చు. ఏళ్ల తరబడి ఎండి, పగుళ్లిచ్చి, ఎలుకలూ ఎండ్రకాయలూ బొరియలు చేసి, తుమ్మచెట్ల వేర్లు దూరిన కట్టను ఒక్కసారిగా నిండా నింపడం మరీ ప్రమాదం.

మందుకు ముందు రోగ నిర్ధారణ కావాలి. ఊట నీటిని వి ఆకారపు గాడి ఉన్న రేకు మీదుగా పారించి, గాడిలో నీటి ఎత్తును రోజూ రాసిపెట్టడం అన్నిటికన్నా చవకైన సాధనం. తొంభై డిగ్రీల గాడిలో అయిదు సెంటీమీటర్ల ఎత్తుకు సెకనుకు ముప్పావు లీటరు, పది సెంటీమీటర్లకు 4.4 లీటర్లు పారుతుంది. ఎత్తు రెట్టింపయితే ప్రవాహం అయిదున్నర రెట్లకు పైగా పెరుగుతుంది కనుక కంటి అంచనా ఇక్కడ పనికిరాదు. ఈ కొలతను జలాశయ మట్టంతో కలిపి గీత గీస్తే దారి ఎక్కడుందో కొంత తెలుస్తుంది. మట్టంతో పాటు ఊట నిదానంగా పెరిగితే నీరు పునాది నిండా పరుచుకుని పోతున్నదని భావించవచ్చు. ఒక మట్టం దాటగానే ఊట ఎగిరిందంటే, ఆ ఎత్తులోనే ఎక్కడో నోరు తెరుచుకుని ఉన్నదని అర్థం.

నల్లగొండ ప్రాంతంలో మరో సౌకర్యం ఉంది, దాన్ని సౌకర్యమనడం ఆ నేల బాధ తెలిసినవారికి కష్టమే. ఇక్కడి భూగర్భజలంలో ఫ్లోరైడు చాలాచోట్ల తాగునీటి గరిష్ఠ పరిమితి అయిన లీటరుకు 1.5 మిల్లీగ్రాములను మించి ఉంటుంది, కృష్ణా నీటిలో అది తక్కువ. కట్ట దిగువన ఉబికే నీరు జలాశయానిదా లేక పక్క గుట్ట నుంచి వచ్చే సహజ ఊటా అన్న సందేహాన్ని ఫ్లోరైడు, లవణాల పరీక్ష చాలావరకు తీర్చగలదు. రాళ్ల మధ్య నెలల తరబడి నిదానంగా నడిచిన జలాశయపు నీరు కూడా కొంత ఫ్లోరైడును అంటించుకుంటుంది కనుక ఫలితాన్ని కొంత జాగ్రత్తగా చదవాలి. ఆ తర్వాత రంగు నీటి పరీక్ష, నేలలో తడి ఎక్కడుందో పట్టే విద్యుత్ నిరోధకత సర్వే, కట్టలోనూ పునాదిలోనూ నీటి ఒత్తిడి చెప్పే పీజోమీటర్లు వస్తాయి. కట్ట నడుమ బంకమట్టి భాగంలో బోరు వేయవలసి వస్తే నీళ్లతోనో గాలి ఒత్తిడితోనో తవ్వకూడదు. ఆ ఒత్తిడికే బంకమట్టి నిలువునా చీలి, వెతకబోయిన దారిని తామే చేసినట్టవుతుంది. నీళ్లు వాడని మర లాంటి ఆగర్‌తో, బోరు గోడ కూలకుండా కాపాడే కేసింగ్ గొట్టం దించుకుంటూ పోవాలి.

ఇక గ్రౌటింగ్. రాతి పగులులో పారే నీటికి ఒక నియమం ఉంది: పగులు వెడల్పు రెట్టింపయితే ప్రవాహం ఎనిమిది రెట్లవుతుంది. ఊటలో అధికభాగాన్ని మోసేవి కొద్దిపాటి వెడల్పాటి పగుళ్లేనన్నమాట. సిమెంటుకు దూరగల దారులు కూడా అవే. మామూలు సిమెంటు పొడిలో పెద్ద రేణువులు మిల్లీమీటరులో పదో వంతుకు కాస్త తక్కువ ఉంటాయి, పగులు వాటికి మూడింతలైనా వెడల్పు లేకపోతే రేణువులు ముఖద్వారంలోనే ఇరుక్కుంటాయి. అందుచేత మిల్లీమీటరులో నాలుగో వంతు కంటే సన్నని పగుళ్లు సాధారణ సిమెంటుకు మూసుకున్న తలుపులే. పెద్దవాటిని మూస్తే చాలు, ఊట గణనీయంగా తగ్గుతుంది. గ్రౌటింగ్ శక్తి అంతా ఈ ఒక్క సత్యంలో ఉంది.

పని వరసలో నడుస్తుంది. ఆరు మీటర్ల దూరంలో మొదటి బోర్లు, వాటి నడుమ రెండోవి, ఆ మిగిలిన మూడు మీటర్ల నడుమ మూడోవి వేస్తారు. ఒక్కో బోరును మూడు నుంచి అయిదు మీటర్ల అంచెలుగా, బోరును బిరడాలా మూసే ప్యాకర్‌తో బిగించి సిమెంటు ఎక్కిస్తారు. ప్రతి అంచెకూ ముందు నీటి పరీక్ష ఉంటుంది. పది బార్ల ఒత్తిడి మీద మీటరు బోరుకు నిమిషానికి ఒక లీటరు నీరు పోతే దాన్ని ఒక లూజాన్ అంటారు. స్విట్జర్లాండ్ భూగర్భ శాస్త్రవేత్త మారిస్ లూజాన్ 1933లో పెట్టిన కొలత ఇది. ముప్పై మీటర్లకు లోపు ఆనకట్టలకు మూడు లూజాన్లు చాలునని ఆయన అన్నాడు, తర్వాతివారు నీటి విలువను బట్టి, పునాది కోతకు లొంగే తీరును బట్టి ఆ హద్దును సడలించారు. ఒత్తిడి విషయంలో పాత జాగ్రత్త సూత్రం లోతు మీటరుకు చదరపు సెంటీమీటరుకు 0.23 కిలో. అంటే పది మీటర్ల లోతున 2.3 కిలోలు. దీన్ని లెక్కచేయక పంపు ముల్లును పైకి నెడితే పొరలుగా విడిపోయిన మన గ్రానైటులో రాతి పలక పైకి లేస్తుంది. లేచిన పలక కింద కొత్త ఖాళీ ఏర్పడి అది మరింత సిమెంటు తాగుతుంది.

పని చక్కగా సాగిందో లేదో చెప్పేది రెండో, మూడో వరసల బోర్లు. ఉదాహరణకు మొదటి వరస మీటరుకు వంద కిలోల సిమెంటు తీసుకున్నచోట రెండోది నలభై, మూడోది పది తీసుకుంటే తెర, అంటే ఆ బోర్ల వెంట నేలలో సిమెంటుతో ఏర్పడే అడ్డు, మూసుకుంటున్నట్టు. మూడో వరస కూడా మొదటి వరస అంతే తీసుకుంటే ఎక్కించినదంతా ఎటో పోతున్నట్టు, లేదా ఒత్తిడికి నేల చీలుతున్నట్టు. అయితే మన పనుల్లో మాటలు నడిచేది వేరే లెక్క మీద. ‘ఇన్ని వేల బస్తాలు తాగింది’ అన్న మాటను విజయంగా చెప్పుకుంటారు, బిల్లు కూడా బస్తాల మీదే ఉంటే ఎక్కువ తాగించడమే లాభసాటి అవుతుంది. పలుచని సిమెంటు పాలు వంద మీటర్ల అవతల పొలం బావిలో తేలినా ఆ బస్తా పుస్తకంలో చేరుతుంది. వైద్యుణ్ణి రోగి తాగిన సీసాల సంఖ్యతో తూచడం లాంటిది ఇది. చెల్లింపు బోరు మీటర్ల మీదా, ఒత్తిడి నిలిపిన సమయం మీదా, పరీక్ష బోర్లలో సాధించిన లూజాన్ విలువ మీదా ఉండాలి.

మొరంలోనూ మట్టిలోనూ కథ మారుతుంది. అక్కడ పగుళ్లు కాదు, రేణువుల నడుమ సందులు ఉంటాయి. సన్న ఇసుక, ఒండ్రు, బంక కలిసిన మొరంలోకి సిమెంటు అసలు దూరదు, ఒత్తిడి పెంచితే నాలుకల్లా చీల్చుకుని పోతుంది. ముతక ఇసుక, కంకర పొరలకైతే చొక్కా చేతుల్లా చుట్టుకుని ఉండే రబ్బరు పట్టీలున్న గొట్టాన్ని దించి, మీటరులో మూడో వంతుకు ఒకచోట రంధ్రాల నుంచి, కావలసిన లోతులోనే, కావలసిన మోతాదులో సిమెంటు, బెంటొనైటు అనే ఉబ్బే బంకమట్టి కలిపిన మిశ్రమాన్ని పంపే పద్ధతి మేలు. ఇంకా సన్నటి నేలకు సోడియం సిలికేటు వంటి రసాయనాలు ఉన్నాయి గాని ఖర్చు ఎక్కువ, మన్నిక తక్కువ. అంతకన్నా పెద్ద చిక్కు మట్టి నిండిన పగుళ్లది. కుళ్లిన గ్రానైటు పగుళ్లలో చాలావాటిని ఎర్రమట్టి మూసి ఉంచుతుంది. నీటి పరీక్షలో అవి మూసుకున్నట్టే కనిపిస్తాయి, సిమెంటు తీసుకోవు. పక్క పగుళ్లు మూసుకుపోయాక మొత్తం ఒత్తిడి వాటి మీదికి మళ్లి, ఏళ్ల తర్వాత ఆ మట్టి కొట్టుకుపోయి కొత్త దారి తెరుచుకుంటుంది. మంచి గ్రౌటింగ్ తర్వాత అయిదారేళ్లకు ఊట తిరిగి రావడంలో వింత లేదు.

అమెరికాలో ఐదాహో రాష్ట్రంలోని టీటన్ ఆనకట్ట ఈ విషయంలో మరిచిపోరానిది. 93 మీటర్ల ఆ మట్టికట్ట కింద మూడు వరసల గ్రౌట్ తెర ఉంది. అయినా 1976 జూన్ 5న, మొదటిసారి నింపుతుండగానే, ఉదయం బురద నీరు కనిపించిన కొన్ని గంటలకు, మధ్యాహ్నం కాకమునుపే తెగిపోయి పదకొండు మంది చనిపోయారు. లోపం తెర లోతులో కన్నా, కందకంలో నింపిన సులువుగా కొట్టుకుపోయే ఒండ్రుమట్టికీ దాని పక్కనున్న పగుళ్ల రాతికీ నడుమ నీరు చొరని సరైన బిగింపు లేకపోవడంలో ఎక్కువగా ఉంది. మన కట్టల్లో కందకపు బంకమట్టి మొరాన్ని కలిసే బలహీనమైన అతుకు సరిగ్గా ఇటువంటి స్థలమే. కెంటకీలోని వుల్ఫ్ క్రీక్‌లో 1968లో కట్ట దిగువన గుంతలు పడి, బురద ఊట వస్తే అత్యవసర గ్రౌటింగ్ ఆ కట్టను నిలబెట్టింది. తర్వాత 1970ల చివరికి కాంక్రీటు అడ్డుగోడ కట్టారు, అదీ చాలక మరింత లోతైన గోడను 2013లో పూర్తి చేశారు. ఇరాక్‌లోని మోసుల్‌లో నీటికి కరిగే జిప్సం మీద ఆనకట్ట కట్టినందుకు 1986 నుంచి గ్రౌటింగ్ ఒక నిత్యకృత్యమైంది. గ్రానైటు కరగదు కనుక దాని మీది మన కట్టలకు ఆ గతి రాదు, అయినా ఒకసారి చేసిన గ్రౌటింగ్‌తో ఫైలు మూసేయవచ్చన్న భ్రమను తొలగించడానికి వుల్ఫ్ క్రీక్ చాలు.

తెర ఎంత లోతు పోవాలన్నదీ ఊహకు అందని లెక్క. ఒకే తీరు నేలలో సగం లోతు వరకు కట్టిన అడ్డు ఊటను సగం తగ్గించదు, సుమారు పావు వంతే తగ్గిస్తుంది. నీరు మిగిలిన సగంలోంచి వేగంగా పోతుంది. తెరలో మిగిలిన చిన్న కిటికీలు కూడా ఇలాగే తమ పరిమాణానికి మించిన నీటిని పంపుతాయి. నేలయాంత్రిక శాస్త్రంలో పెద్దవాడైన ఆర్థర్ కాసగ్రాండే 1961లో ఇచ్చిన ప్రసంగంలో గ్రౌట్ తెరల మీద ఉన్న అతి నమ్మకాన్ని ప్రశ్నించి, ఒత్తిడిని తగ్గించడంలో దిగువన ఏర్పాటు చేసే డ్రైనేజీయే ఎక్కువ నమ్మదగినదని చూపాడు. పాత కట్టకు చేయవలసిన మొదటి మరమ్మతు కూడా చాలాసార్లు ఇదే. దిగువ మొదలులో మట్టిని పట్టి ఉంచి నీటిని మాత్రం వదిలే వడపోత పొరలు వేయడం. ముందు ఇసుక, దాని మీద సన్న కంకర, పైన రాళ్లు. వడపోతలో బరువు లెక్కన పదిహేను శాతం ఏ పరిమాణం కంటే సన్నగా ఉంటుందో ఆ పరిమాణం, కట్ట మట్టిలో ఎనభై అయిదు శాతం ఏ పరిమాణం కంటే సన్నగా ఉంటుందో దానికి నాలుగైదు రెట్లకు మించకూడదన్నది దాని ప్రామాణిక నియమం.

ఊళ్లలో బుంగ కనిపించగానే దిగువ నోటిని బంకమట్టితో, రేకులతో, ఒక్కోసారి కాంక్రీటుతో బిగిస్తారు. ఆ తొందరను అర్థం చేసుకోవచ్చు గాని చేసేది తప్పు. దిగువన మూసిన నీరు లోపలే ఒత్తిడి పెంచుకుని మరోచోట బయటపడుతుంది. గ్రౌట్ తిన్నగా వెళ్లి, దిగువ మొదలులో ఊటను బయటికి తీసే టో డ్రెయిన్‌ను మూసేసినా ఇదే నష్టం. నీటిని ఆపవలసింది ఎగువన, మట్టిని ఆపవలసింది దిగువన. ఎగువన నీటి మీద సుడి కనిపిస్తే ఆ నోట ఇసుక బస్తాలు, గడ్డి దించవచ్చు. దిగువన ఉబికే చోట ఇసుక బస్తాలతో గుండ్రంగా గట్టు కట్టి నీటిని కొంత ఎత్తు నిలబెట్టి, అందులో ఇసుక, కంకర పరచాలి. జలాశయాన్ని దించడం తప్పనిసరైతే హడావుడిగా దించకూడదు. నీరు వేగంగా దిగితే నానిన ఎగువ వాలు బరువుకు జారిపోతుంది. నల్లగొండ వైపు చౌడు నేలల మట్టి వాడిన కట్టల్లో ఇంకొక అపాయం ఉంది. సోడియం ఎక్కువైన ఆ బంకమట్టి నీటిలో తనంతట తాను విడిపోతుంది. ఒక గడ్డను గ్లాసు నీళ్లలో వేసి గంటసేపు వదిలితే నీరు పాలలా మారడమే దాని గుర్తు. అటువంటి మట్టికి సిమెంటు చికిత్స కాదు, వడపోత తప్ప దారి లేదు.

గ్రౌటింగ్ ముగిశాక దాని ఫలితాన్ని చూడాల్సిన తీరు ఒకటే. పనికి ముందటి సంవత్సరంలో ఏ జలాశయ మట్టం దగ్గర ఊట ఎంత, పీజోమీటరులో నీరు ఎంత ఎత్తు ఉండేది అన్నవి, పని తర్వాత అదే మట్టం దగ్గర మళ్లీ చూడాలి. వేసవిలో దిగిన మట్టం దగ్గర తగ్గిన ఊటను గ్రౌటింగ్ ఖాతాలో వేసుకోవడం అన్యాయం. తెరకు దిగువన పీజోమీటరు మట్టం తగ్గి, ఎగువన అలాగే నిలిస్తే తెర పని చేస్తున్నట్టు. ఊట తగ్గి దిగువ పీజోమీటరు మట్టం పెరిగితే డ్రెయిన్ మూసుకుపోయినట్టు, అది ముందరి స్థితి కంటే చెడ్డది. 2021 ఆనకట్టల భద్రతా చట్టం పదిహేను మీటర్లకు మించిన కట్టలకూ, కొన్ని షరతులకు లోబడి పది నుంచి పదిహేను మీటర్ల వాటికీ వర్తించి, వానాకాలానికి ముందూ తర్వాతా తనిఖీలు తప్పనిసరి చేసింది. ఊరి చెరువుల్లో అత్యధికం ఆ ఎత్తుకు లోపే ఉన్నాయి. వాటికి ఉన్న తనిఖీ కట్ట మీద తిరిగే నీరటి చూపే. ఆ చూపుకు తోడుగా ఒక గాడి రేకు, ఒక నోటుపుస్తకం, ఊట నీరు పట్టి రాత్రంతా కదపకుండా ఉంచే ఒక గాజు సీసా ఉంటే చాలు. తెల్లారి సీసా అడుగున ఎంత మట్టి పేరుకుందో చూసి, జలాశయ మట్టం పక్కన ఆ సంగతి రాసిపెట్టడమే అందులో మిగిలే పని.